రేకుల కింద వియ్యపురాళ్ళు

కమలాపురం, కడప జిల్లా
ఫిబ్రవరి 8, 1936

ప్రభువునందు ప్రియమైన వదిన రాహేలమ్మ గారికి సంతోషమ్మ వందనములు.

క్రిస్మసుకు మీ ఇంటికి వచ్చి వెళ్ళినప్పటినుంచీ జాబు వ్రాయాలనుకుంటూనే ఉన్నాను. మీరు చేసిన మర్యాదలో ఏ లోటూ లేదు. లేవి మా అల్లుడని చెప్పుకోవడం మాకూ గొప్పే. కర్నూలు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరంటే మాటలా? పాత మట్టి మిద్దె తీయించి, తన చేత్తో బొమ్మ గీసి, జింకు రేకులు వేయించిన మీ కొత్త కప్పు కూడా చూడముచ్చటగా ఉంది. వీధి మొదట్లోనుంచే మెరుస్తుంది.

కిందికి వెళితే ఎలా ఉంటుందో మా సలోమి వ్రాసింది. పిల్లను ఏమీ అనకండి, నవ్వుకోవడానికే వ్రాసింది. మీరు రేకు మీద ఎండబెట్టిన అప్పడాలు సాయంత్రం తీయబోతే వేగిపోయి ఉన్నాయట. పోనీలెండి, మీకు నూనె, కట్టెలు మిగిలాయి. కానీ వదినా, ఆ రేకు కిందే నా కూతురు ఉంది. ఆరో నెల. ఇప్పుడే ఇంత ఉస్నం ఉంటే, మే నెలాఖరులో కాన్పు నాటికి ఆ ఉస్నంలో పిల్ల ఏమైపోతుంది?

తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన పద్ధతి. మాది మట్టి మిద్దె. పైన మూరెడు మందాన చౌడు మన్ను పరిచి ఉంది. రోహిణికార్తె ఎండల్లో కూడా లోపల దుప్పటి కప్పుకుంటాము. మార్చి నెలలో లేవికి సెలవు దొరికిన రోజు చూసి సలోమిని పంపగలరు.

మీ వదిన,
సంతోషమ్మ


కర్నూలు
ఫిబ్రవరి 17, 1936

ప్రభువునందు ప్రియమైన వదిన సంతోషమ్మ గారికి రాహేలమ్మ వందనములు.

మీ జాబు చేరింది. ఏళ్ళతరబడి ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పిన చెయ్యి ఊరుకోదు గనుక ముందుగా ఒక మాట. "ఉస్నం" కాదు, "ఉష్ణం".

అప్పడాల సంగతి నిజమే. కాకపోతే వేగలేదు, కొంచెం రంగు మారాయి. ఏ సంగతైనా పెద్దది చేసి చెప్పడం సలోమికి అలవాటు. అది మా ఇంటికి వచ్చాక నేర్చుకున్నది కాదు.

పద్ధతిని నేను కాదనను. కానీ మా ఇంటినుంచి పిలిస్తే పలికేంత దూరంలో ఆసుపత్రి ఉంది. అందులో ఆడ డాక్టరమ్మ ఉంది. కమలాపురంలో ఎవరున్నారు? మంత్రసాని మల్లక్క. ఆమెకు కళ్ళు సరిగా ఆనవనీ, ఒకసారి పుట్టింది మగపిల్లవాడైతే ఆడపిల్లని చెప్పి వెళ్ళిపోయిందనీ మీరే క్రిస్మసునాడు భోజనాల దగ్గర చెప్పి అందరినీ నవ్వించారు. అప్పుడు నేనూ నవ్వాను. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

మీ అభ్యంతరమల్లా రేకుల వేడే గదా. దాని సంగతి నేను చూసుకుంటాను. ఈస్టరు పండక్కి మీరే రండి. మిట్టమధ్యాహ్నం మా నడింట్లో కూర్చోండి. మీకు చెమట పట్టిందా, సలోమిని నేనే బండెక్కిస్తాను. పట్టలేదా, బిడ్డ కర్నూల్లో పుడుతుంది.

లేవి ఇంటిని చల్లబరచడానికి అప్పుడే ఒక బొమ్మ గీశాడు. బొమ్మలో ఇల్లు చాలా చల్లగా ఉంది.

రాహేలమ్మ


కమలాపురం
ఫిబ్రవరి 26, 1936

వదిన రాహేలమ్మ గారికి వందనములు.

ఉష్ణం, ఉష్ణం, ఉష్ణం. చాలా?

మీ షరతు ఒప్పుకున్నాము. మీ ఉత్తరం చదివి వినిపిస్తే మీ అన్నయ్య పడీపడీ నవ్వారు. రైల్వేలో బండ్లకు పట్టాలు మార్చే పాయింటుమనుషుడుగా పనిచేసి ఇంటిపట్టున కూర్చున్న మనిషి గదా, ఆయనకు ఏ సంగతైనా రైలుతోనే పోలిక. "రేకును సల్లబరుస్తాదంటనా మీ వదిన? ఇంజనును సల్లబరచమను, అదన్నా అయితాది" అన్నారు.

అయినా ఒక మాట అడుగుతాను. రేకులను చల్లబరచడం ఎలాగ? మాకు అవసరమై కాదు, ఊరికే అడుగుతున్నాను. మా పక్కింటి దేవేంద్రప్ప పాపం ఈమధ్యే రేకులు వేసుకున్నాడు. ఎండలు ముదరకముందే భార్య పుట్టింటికి పోతానంటోందట. మీరు చేసినవన్నీ వివరంగా వ్రాస్తే అతనికి చదివి వినిపిస్తాను. ఒక సంసారం నిలబెట్టిన పుణ్యం మీకు దక్కుతుంది.

సలోమికి చింతకాయ తొక్కు పంపుతున్నాను. మీరూ రుచి చూడండి.

సంతోషమ్మ


కర్నూలు
మార్చి 12, 1936

వదిన సంతోషమ్మ గారికి వందనములు.

చింతకాయ తొక్కు అందింది. రుచి చూద్దామనుకునే లోపల సలోమి జాడీ కడిగి బోర్లించింది.

మీ దేవేంద్రప్ప కోసం వ్రాస్తున్నాను. మొదట నీళ్ళతో ప్రయత్నించాము. తోలుతిత్తిలో నీళ్ళు మోసే ఖాసిం వలిని కుదుర్చుకుని పూటపూటా రేకుల మీద పోయించాము. మొదటి తిత్తి పోయగానే చుయ్యిమని ఆవిరి లేచింది. ఎదురింటి రామలక్ష్మమ్మ అది చూసి, "అయ్యో, రాహేలమ్మక్క ఇల్లు కాల్తాండాది, రాండప్పో!" అని వీధి వీధంతా పిలిచింది. వచ్చినవాళ్ళు తలా ఒక బిందె తెచ్చి కుమ్మరించారు. ఆ రోజు ఇల్లు నిజంగా చల్లబడింది. మర్నాడు మంట లేదని తెలిసి ఎవరూ రాలేదు.

వదినా, బాప్తిస్మానికి మీ సంఘంలో నీళ్ళు చిలకరిస్తారు, మా సంఘంలో నిలువునా ముంచుతారు. నేను రేకులకు రెండు పద్ధతులూ చేశాను. అవి మారుమనస్సు పొందలేదు. తడి ఆరగానే మళ్ళీ మొదటికే వచ్చాయి. పైగా బావిలో నీళ్ళు అడుక్కు పోతున్నాయి, ఖాసిం వలి మాత్రం లావవుతున్నాడు.

తరువాత రేకుల మీద బోదగడ్డి కప్పించాము. రెండు రోజులు హాయిగా ఉంది. మూడోనాడు సాయంత్రం తుంగభద్ర వైపునుంచి గాలి లేచి, కప్పును కప్పులాగే ఎత్తుకుపోయి రామలక్ష్మమ్మ బర్రె ముందర దించింది. బర్రె సగం తినేసింది. మిగతా సగం అడగడానికి లేవి వెళ్ళాడు. రామలక్ష్మమ్మ, "నీ ఇంటి మీద కప్పేదానికి నా పశువు నోట్లోది పీక్కోని ఇయ్యల్లనా?" అందట. వట్టి చేతులతో తిరిగి వచ్చాడు.

నాకేమీ నిరాశ లేదు. ఈస్టరుకు ఇంకా వ్యవధి ఉంది.

రాహేలమ్మ


కమలాపురం
మార్చి 21, 1936

వదిన గారికి వందనములు.

మీ ఉత్తరం చూసి చాలా విచారించాను. నవ్వాననుకుంటున్నారేమో, లేదు.

బోద కట్టడానికి పురితాడు వాడారా, తీగ వాడారా? వాసానికి వాసానికి ఎంత దూరం పెట్టారు? ఊరికే అడుగుతున్నాను. గాలికి లేవకుండా పైన రాళ్ళు పెడితే నిలుస్తుందని మీ అన్నయ్య అన్నారు. నిలవదు. రాళ్ళు ఒక్కొక్కటే జారి రేకు మీద దబదబా దొర్లుతాయి, లోపలున్నవాళ్ళు పిడుగులు పడుతున్నాయని మంచాల కింద దూరుతారు. అంటే, అలా జరగవచ్చునని నాకు అనిపిస్తోంది.

ఇక్కడ మా మిద్దె కింద ఎప్పటిలాగే చల్లగా ఉంది. ఈ ఉత్తరం కూడా దుప్పటి కప్పుకునే వ్రాస్తున్నాను.

తరువాత ఏం చేయబోతున్నారో ముందుగానే వ్రాయండి. దేవేంద్రప్ప తొందరపెడుతున్నాడు.

సంతోషమ్మ


కర్నూలు
ఏప్రిల్ 4, 1936

వదిన సంతోషమ్మ గారికి వందనములు.

మీ దేవేంద్రప్పకు శుభవార్త. దారి దొరికింది.

పైన ఏం చేసినా గాలి ఉండనివ్వదని, ఈసారి లోపలినుంచి మొదలుపెట్టాము. రేకులకు కొంచెం కిందుగా వెదుళ్ళు అడ్డం కట్టించి, వాటి మీద ఈతచాపలు పరిపించి అటక లాగా చేయించాము. రేకుకూ చాపకూ మధ్య జాగాలో వేరుశెనగ పొట్టు నింపాము. వేడి తగ్గినమాట నిజమే. కానీ చారులో పొట్టు, మంచం మీద పొట్టు, బైబిలు తెరిస్తే అందులోనూ పొట్టు. సలోమి ఒకటే తుమ్ములు. వారం తిరక్కుండానే ఎలుకలు వచ్చాయి. లేవి గీసిన బొమ్మలో అటక ఉంది గానీ ఎలుకలు లేవు.

ఇంతలో పరుపులు కుట్టడానికి దాదాపీరు వచ్చాడు. మా వీధికి దూది ఏకిపెట్టే మనిషి. తుమ్ముతున్న సలోమినీ, పైన అటకనూ చూసి, "ఏందమ్మా ఇది, కప్పుకు పొట్టు పోస్తారా ఎవురన్నా? దూది పెట్టండి. శీతకాలం ఎచ్చగ ఉండాలంటే ఏం కప్పుకుంటాం? దూదే గదా" అన్నాడు.

"ఇప్పుడు కావల్సింది వెచ్చదనం కాదు నాయనా" అన్నాను.

"ఎచ్చన లోపల ఉంటే బయటికి పోనీదు, బయట ఉంటే లోపలికి రానీదు. దానికేం తెల్సమ్మా, ఎండకాలమా శీతకాలమా అని!"

ఈ మాట నాకు నచ్చింది. మిల్లులో పారేసే తుక్కు దూది తెచ్చి, విల్లుతో ఏకి అటక నిండా కూరాడు. పొట్టును పూర్తిగా తీయించే తీరిక లేకపోయింది, దాని మీదనే పరిచాడు. వదినా, నమ్మండి నమ్మకపొండి, మధ్యాహ్నం బయటనుంచి ఇంట్లో అడుగుపెడితే నీళ్ళకుండ దగ్గర నిలబడ్డట్టుంది. రామలక్ష్మమ్మ పని ఉన్నా లేకున్నా మా ఇంటికే వచ్చి పడుకుంటోంది. ఖాసిం వలిని మానిపించేశాను. వీధిలో ఎదురైతే ముఖం తిప్పుకుని పోతున్నాడు.

పండక్కి రండి. సలోమి బట్టలు సర్దలేదు, సర్దే అవసరం రాదు.

రాహేలమ్మ


కమలాపురం
ఏప్రిల్ 16, 1936

రాహేలమ్మ గారికి.

ఈస్టరునాడు మా నెత్తిన ఏం జరిగిందో మీరు వంటింట్లో ఉండి సగమే చూశారు గనుక, మిగతా సగం నేను చెబుతాను.

మీ ఇల్లు చల్లగా ఉంది. ఆ మాట కాదనను. నడింట్లో నన్ను న్యాయాధిపతిలాగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. చెమట పట్టించుకుందామని వేడి కాఫీ రెండు లోటాలు తాగాను. పట్టలేదు. ముసుగు బిగించుకున్నాను. అయినా పట్టలేదు. నా పని అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మీ సంఘం పాస్టరు అయ్యగారు ప్రార్థన ఎత్తుకున్నారు. ఆయన ప్రార్థన పొడుగైనదని మీరు ముందే చెప్పి ఉండాల్సింది. కళ్ళు మూసుకుని కూర్చున్నాము. పైన ఏదో కిచకిచమంటోంది. "పైనుంచి నీ దీవెనలు మామీద సమృద్ధిగా కుమ్మరించు తండ్రీ" అన్నారు ఆయన. అనగానే కుమ్మరింపు మొదలైంది. వెదురు కట్టిన తాళ్ళు ఎలుకలు కొరికి ఉంచాయి గాబోలు, చాప ఒక పక్కకు వాలి, ముందు పొట్టు, దాని వెనక దూది, దూది వెనక ఒక ఎలుక, అన్నీ నా ఒళ్ళోనే. అయ్యగారు కళ్ళు తెరవలేదు. "స్తోత్రం" అన్నారు. రామలక్ష్మమ్మ నన్ను చూసి దయ్యమనుకుని బయటికి పరుగెత్తింది. నా కూతురు నవ్వి నవ్వి కడుపు పట్టుకుంటే నొప్పులొచ్చాయేమోనని నేను హడలిపోయాను.

ఇల్లు చేరి మూడుసార్లు తలంటుకున్నా కొప్పులో ఇంకా దూది వస్తోంది. చెమట పట్టలేదు, ఒప్పుకుంటాను. కానీ కప్పు నెత్తిన పడకూడదని షరతులో వేరే వ్రాసుకోవాలా? నిండు నెలల పిల్ల మీద అది పడి ఉంటే?

వచ్చే శనివారం సలోమిని బండెక్కించండి.

సంతోషమ్మ


కర్నూలు
ఏప్రిల్ 24, 1936

సంతోషమ్మ గారికి.

మీ ఉత్తరం అందిన రోజున నేను ఎదురు చెప్పలేదు. చాప పడింది నా ఇంట్లో. మాటంటే మాటే. సలోమి పెట్టె సర్దించాను, లేవికి సెలవు పెట్టించాను.

ఈలోగా వారంగా జాడలేని దాదాపీరు నిన్న వచ్చాడు. "యాడికి పోయినావయ్యా?" అన్నాను.

"కమలాపురం పోయింటినమ్మా, మీ వదినమ్మ ఇంటికి. పండగనాడే సైగ చేసి పిల్సింది గదా, అటకలో దూది పెట్టాలని."

"ఏ అటక? వాళ్ళది మట్టి మిద్దె."

"మిద్దె యాడుండాదమ్మా! అది కూలిపోయి శానా దినాలాయ. రేకులే ఉండేది. మీ రేకులన్నా కొత్తవి, ఆయమ్మవి తుప్పు రేకులు. లోపల సెనిక్కాయ పొట్టు పోసిండాది. చాపలు చూస్తే దూది బరువుకు ఆగేటట్టు లేవు. తిరుక్కోని వచ్చినా."

"నువ్వు పక్కింటి దేవేంద్రప్ప ఇల్లు చూసి ఉంటావు."

"ఆయప్పది బోదకొట్టం. సల్లగ ఉంటే మద్యాన్నం ఆడనే పండుకుంటి. ఆయప్పకు పెండ్లే కాలేదు గదమ్మా."

నేను గుడ్లురిమి చూశాను. వాడు భయపడి, "నీకు చెప్పొద్దనింది. నేనుగా చెప్పలే, నువ్వడిగితే చెప్పినా" అన్నాడు.

వదినా, మూరెడు చౌడు ఏమైంది? మీరు కప్పుకుని ఉత్తరాలు వ్రాసిన దుప్పటి ఏమైంది? నేను బోద కప్పితే మీరూ కప్పారు. రాళ్ళ సంగతి మీకు అలా "అనిపించలేదు", దొర్లాయి. నేను పొట్టు పోస్తే మీరూ పోశారు. నా రేకుల కింద బిడ్డకు ప్రమాదమని, తుప్పు రేకుల కిందికి రమ్మంటారా? అదీ కళ్ళు కనబడని మల్లక్కను నమ్మి?

సలోమి పెట్టె విప్పించాను. పంపను.

రాహేలమ్మ


కమలాపురం
మే 1, 1936

వదిన రాహేలమ్మ గారికి.

మీరు వ్రాసినవన్నీ నిజమే.

నవంబరు వానలకు మిద్దె నాని పడిపోయింది. మేము గుడిలో ఉన్నాము గనుక బతికాము. వాన పడ్డప్పుడల్లా మిద్దెక్కి చౌడు తొక్కి గట్టిచేయాలి, మీ అన్నయ్య మోకాళ్ళ నొప్పులని ఎక్కలేదు. రైల్వేవాళ్ళు వేలం వేస్తే ఆ పాత రేకులు కొని కప్పుకున్నాము. పిల్లకు చెబితే ఒట్టి మనిషి కాదు, బెంగపడుతుందని చెప్పలేదు. మీకు చెబితే జాలిపడతారు. మీ కోపం నేను తట్టుకుంటాను, జాలి తట్టుకోలేను.

సలోమి నా కడుపున పడ్డప్పటికే మా అమ్మ లేదు. మీ అన్నయ్య డ్యూటీలో ఉన్నారు. కొత్త ఊరు, ఎవరూ తెలియదు. రెండు రోజులు నొప్పులు పడ్డాను. మల్లక్క అప్పుడు చిన్నది, ఆమెకూ భయమే. నా చెయ్యి పట్టుకునే మనిషి లేక మంచంకోడు పట్టుకున్నాను వదినా. పుట్టింది ఆడపిల్లనగానే మనసులో ఒకటే అనుకున్నాను. దీని కాన్పునాడు దీని చెయ్యి నేను పట్టుకోవాలి. మిద్దె ఉన్నా లేకున్నా నాకు అదే కావాలి. అందుకే ఇల్లు చల్లబరిచే ఉపాయం మీ దగ్గర నేర్చుకుని, పిల్ల వచ్చేలోగా ఎలాగైనా చేసిపెట్టాలనుకున్నాను.

మీ ఆసుపత్రి మంచిదే. డాక్టరమ్మ మంచిదే. పిల్లను అక్కడే ఉంచుకోండి. నేను ఇక అడగను.

సంతోషమ్మ


కర్నూలు
మే 5, 1936

ప్రియమైన వదినా,

మీ ఉత్తరంలో ఈసారి తప్పులు ఉన్నాయో లేవో నేను చూడలేదు.

పిల్ల ఎక్కడికి రావాలా అని ఇద్దరం మూడు నెలలు పోట్లాడుకున్నాము గానీ, తల్లి ఇక్కడికి రావచ్చునన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు చూడండి. నిన్న సలోమి అంది: "మా అమ్మను ఈడికి పిలిస్తే అయిపోయె గదా అత్తమ్మా, మీరిద్దురూ ఏమిటికి ఇంత రాసుకుంటాండారు?" నాకు సిగ్గేసింది. మీరు వెంటనే బయలుదేరండి. చెయ్యి మీరే పట్టుకోండి. బిడ్డ కాస్త గట్టిపడ్డాక ఇద్దరినీ మీరే తీసుకువెళ్ళండి.

మీరు దాచుకోకుండా వ్రాశారు గనుక నేనూ ఒకటి వ్రాస్తాను. నా పట్టుదల ఆసుపత్రి ఒక్కదాని కోసం కాదు. లేవి తండ్రి పోయాక ఈ ఇంట్లో మాట అనేది లేదు. లేవి బడినుంచి వస్తే బొమ్మల్లో పడతాడు. సలోమి వచ్చాకే నాతో వాదించే మనిషి దొరికింది. పప్పులో ఉప్పు దగ్గరనుంచి సంధులు, సమాసాల దాకా ప్రతిదానికీ వాదన. అది కమలాపురం పోయి తిరిగి రాదేమోనని కాదు. అన్నాళ్ళు గోడలతో ఏం మాట్లాడను?

ఇక కప్పు సంగతి. ఇదీ సలోమి చెప్పిందే. దూదిని వదులుగా పోయకుండా పాతచీరల మధ్య పెట్టి బొంతలుగా కుట్టి, వాసాలకే బిగించి కట్టాలట. పడితే బొంత పడుతుంది గానీ ఎలుక పడదు. రెండు పక్కల గోడల్లో పైన కిటికీలాగా కొట్టిస్తే, రేకు కింద కాగిన గాలి అటునుంచి ఇటు పోతుందట. లేవి బొమ్మ గీయబోతే సలోమి పెన్సిలు లాక్కుంది.

మీ పాతచీరలు ఉన్నవన్నీ తెండి. సూదులు ఇక్కడ ఉన్నాయి. దాదాపీరు ఏకుతాడు, మనం కుడదాము.

రాహేలమ్మ


కమలాపురం
జూలై 20, 1936

వదినా,

క్షేమంగా చేరాము. నువ్వు స్టేషనులో ఏడవలేదని లేవికి చెప్పావట. నేను బండిలోనుంచి చూశాను. పోనీ, కంట్లో బొగ్గు నలుసు పడిందనుకుందాము.

మనవరాలు బాగుంది. రైలు ఊపుకు నిద్రపోయింది, దిగగానే లేచి అరిచింది. తన రక్తమేనని మీ అన్నయ్య పొంగిపోయారు. స్టేషనంతా తిప్పి ప్రతి పాయింటుమనుషుడికీ చూపించారు.

నీకు ఒక మాట చెప్పకుండా ఇన్నాళ్ళు దాచాను. ఆసుపత్రిలో నువ్వు వరండాలో ఉన్నావు, లోపల నేను పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నేను కోరుకున్నది కోరుకున్నట్టు జరుగుతోంది. నొప్పులు ఎక్కువై సలోమి కేకలు పెడుతుంటే, నర్సమ్మ అరవకూడదని కసిరింది. అప్పుడు నా చేతిలో చెయ్యి ఉంచుకునే, "అత్తమ్మా! ఈయమ్మ నన్ను అరవద్దంటాండాది, నువ్వొచ్చి అడుగు!" అని పిలిచింది. నన్ను కాదు, నిన్ను. నాకు మనసు కష్టమైంది. ఎప్పటికీ నీకు చెప్పకూడదనుకున్నాను. నీ ఇంట్లో నెలలకొద్దీ నీతో కూర్చుని బొంతలు కుట్టాక ఇక దాచాలనిపించలేదు.

వానలు ఇంకా ముఖం చూపించలేదు. ఎండలు మే నెలను తలపిస్తున్నాయి. మా అటకలో పొట్టు తీయించేశాను. మళ్ళీ ఏదైనా పెట్టిద్దామంటే మీ అన్నయ్య రేపు మాపు అంటున్నారు. మేము బాగానే ఉన్నాము. మధ్యాహ్నం పూట సలోమినీ బిడ్డనూ దేవేంద్రప్ప కొట్టంలో పడుకోబెడుతున్నాను. పాపం అతను వేపచెట్టు కిందికి పోతున్నాడు. నువ్వేమీ బెంగపెట్టుకోకు.

సంతోషమ్మ


కర్నూలు
జూలై 26, 1936

వదినా,

నీ ఉత్తరం చదివాను. ఆసుపత్రి ముక్క మాత్రం రామలక్ష్మమ్మకు చదివి వినిపించాను. తరువాత ఖాసిం వలికి. దాదాపీరుకు వినిపించబోతే, అప్పటికే ఎదురింట్లో విన్నానన్నాడు. ఇంక నువ్వేం దాచినా నాకు కోపం రాదు.

కానీ "మేము బాగానే ఉన్నాము" అని వ్రాసి, ఆ పక్కనే పిల్లతల్లిని పరాయి కొట్టంలో పడుకోబెడుతున్నానని వ్రాస్తే నేను దేన్ని నమ్మాలి? పెళ్ళికాని మనిషిని అతని ఇంట్లోనుంచే వెళ్ళగొట్టావు. అతనికి పిల్లనిచ్చేవాళ్ళు అది చూస్తే ఏమనుకుంటారు?

నిన్న దాదాపీరును నిచ్చెన ఎక్కించి మా వాసాలకు కట్టిన బొంతలన్నీ దింపించాను. దులిపి, ఎండబెట్టి, చాపల్లో చుట్టి కట్టించాను. కొత్తవి కుట్టాలంటే మళ్ళీ దూది, మళ్ళీ చీరలు, అంతలో వేసవి తిరిగి వస్తుంది. ఇవి తయారుగా ఉన్నాయి. మీ వాసాలకు సరిపోతాయో లేదో తెలియదు, సరిపోనిచోట నువ్వూ నేనూ కూర్చుని మళ్ళీ కుడదాము. గోడల్లో గాలికి దారి కొట్టించడం అన్నయ్య పని. మోకాళ్ళ నొప్పి అంటే ఈసారి నేను వినను. నిచ్చెన కింద నిలబడి పట్టుకుంటాను.

లేవి బడినుంచి వచ్చి లోపల అడుగుపెట్టి, మళ్ళీ వెనక్కి వాకిట్లోకి వెళ్ళాడు. పైకి చూసి, "అమ్మా, బొంతలన్నీ దించేస్తే ఈ ఎండలకు ఈ ఇంట్లో ఎట్ల ఉండేది?" అన్నాడు.

"ఉండలేము నాయనా. అందుకే నేను పోతాండా" అన్నాను.

అతను హాస్టల్లో తన స్నేహితుడి గదిలో ఉంటాడట. సెలవు దొరకగానే వస్తాడు.

గురువారం బయలుదేరుతున్నాను. ద్రోణాచలంలో ఒకసారి, గుంతకల్లులో ఒకసారి బండి మారాలి, కట్టలు దింపి ఎక్కించడానికి దాదాపీరు తోడు వస్తున్నాడు. ఎన్నాళ్ళు ఉంటావని అడగకు. మా ఇంట్లో ఇప్పుడు అప్పడాలు మళ్ళీ వేగుతున్నాయి.

స్టేషనుకు రెండెద్దుల బండి పంపు.

రాహేలమ్మ